వదిన చూడని సగం

ఈ ఉదయం అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే పక్కింట్లో ఇనప్పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. పక్కిల్లంటే మా అన్నయ్యదే. ఒకప్పటి ఒకే ఇంటికి మధ్యలో గోడ పెట్టి రెండు చేసుకున్నాం కనక అటు పోపు వేస్తే ఇటు తుమ్ములొస్తాయి. కాసేపటికి మా వదిన ఒక పాత పాస్‌పోర్టు పట్టుకుని బయటికొచ్చి, నా ముందు పెట్టి, ఇది ఇంకా పనికొస్తుందా అని అడిగింది. కళ్లజోడు తెచ్చుకుని చూశాను. గడువు ఎప్పుడో దాటిపోయింది. ఫొటోలో ఉన్నావిడ జుట్టు నల్లగా, మొహం బెదురుగా ఉంది. ఎదురుగా నిలబడ్డావిడ జుట్టు తెల్లగా, మొహం మాత్రం తీర్థానికి బయలుదేరిన చిన్నపిల్ల మొహంలా ఉంది. ఈ వయసులో ఎక్కడికండీ ప్రయాణం అని అడగబోయి నాలిక్కరుచుకున్నాను. నిన్న సాయంత్రం టీవీలో చెప్పనే చెప్పారు, మన ఆడపిల్లల క్రికెట్ జట్టు ఈసారి శ్రీలంక వెళ్తోందని. ఆ వార్త నేనూ విన్నాను. విని, లేచి అన్నం తిన్నాను. వదినకి మాత్రం అది వార్త కాదు, పిలుపు.

ఎందుకో చెప్పాలంటే పోయిన చలికాలంలోకి వెళ్లాలి. అక్కడికి వెళ్లాలంటే ముందు మస్కట్ మీదుగా వెళ్లాలి. నేను ఉద్యోగమంతా రాజోలు చుట్టుపక్కల బస్సుల్లో కండక్టరుగా చేసినవాణ్ణి. తిన్నగా పోయే రోడ్డు పక్కనే ఉన్నా నాలుగు ఊళ్లు తిప్పి తీసుకెళ్లడం మా బస్సులకీ, ఆ బస్సుల్లో ముసలివాణ్ణయిన నాకూ అలవాటు. చదివేవాళ్లు కొంచెం సర్దుకుని కూర్చోవాలి.

మా అన్నయ్యది కొబ్బరికాయలు ఒలిచే పని. నేలలో పాతిన గునపానికి కాయని గుచ్చి, ఒక్క మెలి తిప్పి, పైనున్న పీచు డొక్క ఊడదీసి పక్కన పడేస్తాడు. చూసేవాళ్లకి అదేదో తేలికపని అనిపిస్తుంది, చేసి చూస్తే తెలుస్తుంది. పిల్లలు ఎదిగొచ్చే రోజుల్లో, కట్టడం మొదలుపెట్టిన గది గోడల దగ్గర ఆగిపోయినప్పుడు, వదిన మస్కట్ వెళ్లింది. మా వైపు ఇందులో వింతేమీ లేదు. ఏ వీధిలో చూసినా ఒక ఇంట్లో మస్కట్, ఒక ఇంట్లో కువైట్, ఒక ఇంట్లో దుబాయ్ ఉంటాయి. వదినకి దొరికింది, తాతల కాలంలో వ్యాపారానికి వెళ్లి అక్కడే స్థిరపడిపోయిన గుజరాతీ షావుకారుల ఇల్లు. మనుషులు మంచివాళ్లే. ఇల్లు మాత్రం మరీ పెద్దది. అంత ఇంటికీ పనికి ఇద్దరు. ఒకరు మా వదిన, రెండో ఆవిడ శ్రీలంక మనిషి, సముద్రం ఒడ్డున ఏదో పల్లెటూరు. ఇద్దరికీ కలిపి ఒక గది, రెండు మంచాలు, ఒక కిటికీ. వదిన ఆవిణ్ణి నంగీ అనేది. ఫోన్లో విని విని అది ఆవిడ పేరనుకున్నాం మేం. కాదట, చెల్లెల్ని వాళ్ల భాషలో అలా పిలుస్తారట. ఆవిడ మా వదినని అక్కా అనేది. ఆ మాట మాత్రం ఇక్కడా అక్కడా ఒకటేనట. మిగిలిన సంభాషణంతా కాస్త అరబ్బీ, కాస్త హిందీ, కాస్త తెలుగు, కాస్త సింహళం, మాట దొరకని చోట చేతులు.

ఆ ఇంటి పెద్దాయనకి క్రికెట్టంటే ప్రాణం. ప్రపంచంలో ఏ మూల ఎవరు ఆడుతున్నా హాల్లో టీవీ మోగుతూ ఉండాల్సిందే. వంటింటి గుమ్మంలో కింద కూర్చుంటే ఆ టీవీ చక్కగా కనపడేది. ఆయనకి టీలు అందిస్తూ అందిస్తూ ఇద్దరికీ ఆ పిచ్చి అంటుకుంది. మొదట మగవాళ్ల ఆటలు చూశారు. కొన్నాళ్లకి ఆడపిల్లల ఆటలు కూడా చూపించడం మొదలయ్యాక మగవాళ్ల వైపు చూడ్డం మానేశారు. జడలు వేసుకుని, చెమట తుడుచుకుంటూ పరిగెత్తే ఆ పిల్లల్ని చూస్తే సొంత పిల్లలు గుర్తొచ్చేవారట. ఇంటావిడ వద్దనలేదు. ఒకటే షరతు పెట్టింది: చూస్తే చూడండి, ఇద్దరూ ఒకేసారి పని వదలడానికి లేదు. అది న్యాయమే కనక వీళ్లు కూడా ఒక న్యాయమైన ఒప్పందానికి వచ్చారు. మనవాళ్ల బ్యాటింగ్ అప్పుడు వదిన గుమ్మంలో కూర్చోవాలి, నంగి గిన్నెలు కడగాలి. శ్రీలంక బ్యాటింగ్‌కి వచ్చిందంటే వదిన లేచి గిన్నెల దగ్గరికి వెళ్లాలి, నంగి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చోవాలి. ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. ఇందులో ఒక తమాషా ఉంది. మన పిల్లలు బ్యాటింగ్ చేస్తుంటే ఎదురుగా బంతులేసేది వాళ్ల పిల్లలే కదా. అంచేత శ్రీలంక బౌలర్లందరి గుట్టూ మా వదినకి తెలుసు. మన బౌలర్ల సంగతి ఆ నంగికి తెలుసు. ఎవరి బౌలర్లని వాళ్లు మాత్రం ఎప్పుడూ చూడలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే ఇంట్లో, ఒకే టీవీలో అన్ని ఆటలు చూసినవాళ్లు ఒక్క బంతి కూడా పక్కపక్కన కూర్చుని చూడలేదు.

ఇదంతా నాకు పోయిన చలికాలం దాకా తెలీదు. అప్పటిదాకా మా వీధికి తెలిసిందల్లా ఏమిటంటే, మస్కట్ నుంచి వచ్చేసి ఇన్నేళ్లయినా, ఇంట్లో సొంత టీవీ, ఎదురుగా కుర్చీ, ఎవరూ పని చెప్పేవాళ్లు లేకపోయినా, మన బ్యాటింగ్ అయిపోగానే వదిన లేచి పెరట్లోకి వెళ్లిపోతుందని. కుళాయి దగ్గర కూర్చుని గిన్నెలు తోముతుంది. తోమడానికి ఏమీ లేకపోతే తోమినవే మళ్లీ తోముతుంది. లోపల మన పిల్లలు వికెట్ మీద వికెట్ తీస్తున్నా తొంగి చూడదు. దీనికి మా వీధి తనకి తోచిన అర్థం తాను చెప్పుకుంది. వదిన గిన్నెలు తోముతుంటేనే మనకి వికెట్లు పడతాయని. ఒకసారి ఎదుటి జట్టు ఓపెనర్లు ఎంతకీ అవుటవకుండా బాదేస్తుంటే ఎదురింటాయన గోడ దగ్గరికొచ్చి, గిన్నెలు ఇంకా కడగలేదాండీ, చాలకపోతే మా ఇంట్లోవి కూడా తెప్పిస్తానని బతిమాలాడు. నేను నవ్వాను గానీ, లోపల నాకూ కాస్త ఆ నమ్మకం లేకపోలేదు. వదిన కూడా కాదనేది కాదు. కాదంటే మస్కట్ కథంతా చెప్పాలి, అంత ఓపిక ఆవిడకి లేదు.

అలాంటి రోజుల్లో, పోయిన చలికాలం, శ్రీలంక ఆడపిల్లల జట్టు మన దేశం వచ్చింది. దేశమంతా తిరిగి ఆడే వన్డేల్లో ఒకటి విశాఖపట్నంలో. సరిగ్గా ఆ వారంలో ఒక మధ్యాహ్నం వదిన ఫోన్ మోగింది. తెరమీద నంగి. వీడియోలో మొహం సగమే కనపడుతోంది, మిగతా సగం ఇంటి కప్పు. విషయమేమిటంటే, వాళ్ల ఊరివాళ్లు కొందరు బృందంగా బయలుదేరి, విశాఖలో ఆట చూసి, ఆ పక్కనున్న బౌద్ధుల కొండలు దర్శించుకుని వెళ్దామనుకుంటున్నారట. ఆ బృందంలో తనూ ఉందట. ఫోన్ పెట్టేశాక వదిన తోమిన గిన్నెలే మళ్లీ ఒకసారి తోమింది. తర్వాత మా అరుగు మీదికొచ్చి కూర్చుని, ఒప్పందం సంగతంతా మొదటిసారి చెప్పింది. చెప్పి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాకింకేం కోరిక లేదు మరిదిగారూ. ఒక్కసారి దాని పక్కన కూర్చుని ఆట చూడాలండి. ఇద్దరం కూర్చోవాలి. ఇద్దరిలో ఎవరూ లేవకూడదు," అంది.

అడిగింది తన బిడ్డల్ని కాదు, నన్ను. బస్సులో సీటు కావాలంటే ఎవరైనా కండక్టరునే కదా అడిగేది. అది నా వృత్తికి దక్కిన గౌరవంగా తీసుకుని, టికెట్ల బాధ్యత నెత్తిన వేసుకున్నాను. ఎదురింటి కుర్రాడు ఫోన్లో స్టేడియం బొమ్మ చూపించి ఏ వైపు కావాలి తాతగారూ అన్నాడు. నేను చాలా తెలివిగా సూర్యుడు ఎటు నుంచి ఎటు వెళ్తాడో లెక్క చూసి, ఎండ పడని వైపు తియ్యమన్నాను. బస్సెక్కితే ఏ వైపు కూర్చోవాలో ప్రయాణికులకి చెప్పీ చెప్పీ పండిపోయినవాణ్ణి. ఆ నంగి వాళ్ల బృందం ఏ వైపు కూర్చుంటుందో కనుక్కోవాలన్న ఆలోచన మాత్రం నా పండిన బుర్రకి రాలేదు. వాళ్లు సరిగ్గా ఎదురు వైపు, రోజంతా ఎండ దంచే వైపు తీసుకున్నారు. ఆ సంగతి విశాఖ వెళ్లాక గానీ తెలీలేదు.

బయలుదేరే ముందు రోజు అన్నయ్యకీ వదినకీ చిన్న తగాదా అయింది. వదిన ఒక జత కొబ్బరికాయలు కావాలంది. శ్రీలంక అంతా కొబ్బరిచెట్లేనట కదా, ఆవిడకి మనం కాయలు పట్టుకెళ్లడమేమిటని అన్నయ్య వాదన. చెల్లెలు ఇంతదూరం వస్తే బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ ఇచ్చి, ఒళ్లో కాయ పెట్టకుండా ఎలా పంపుతామని వదిన వాదన. వాదించడమైతే వాదించాడు గానీ, ఆ తర్వాత అన్నయ్య ఒలిచిన కాయల రాశి ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క కాయనీ చెవి దగ్గర ఆడించి, నీళ్ల చప్పుడు విని, గోటితో కొట్టి, పక్కన పెట్టి, మళ్లీ తీసి, ఆ జత ఎంచడానికి ఒక పూట పట్టించాడు. ఎంత ఎక్కువ ప్రేముంటే అంత ఎక్కువ గొణుగుతాడు మా అన్నయ్య. తను రానన్నాడు. ఇంట్లో కూర్చుని టీవీలో మిమ్మల్ని వెతుకుతానన్నాడు.

పొద్దున్నే స్టేడియం గేటు దగ్గరికి వెళ్లేసరికి వరసలో మాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. మొహాలకి రంగులు పూసుకున్న కాలేజీ పిల్లలు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, బడి పిల్లల్ని తోలుకొచ్చిన పంతులమ్మలు. సంచీలు వెతుకుతున్న లేడీ కానిస్టేబుల్ మా సంచీలో చెయ్యి పెట్టి, పసుపు రాసిన కొబ్బరికాయ బయటికి తీసి, వదిన వైపు ఒకసారి, కాయ వైపు ఒకసారి చూసింది. ఇలాంటివి లోపలికి పంపకూడదట. ఎవరైనా గ్రౌండులోకి విసిరితే ప్రమాదమట. వదిన నొచ్చుకుంది. "పసుపు రాసిన కాయని ఎవరైనా విసురుతారా అమ్మా?" అంది. ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. మీదే ఊరండీ అని అడిగింది. రాజోలు దగ్గరండీ అని నేనన్నాను. "ఆయ్, మాట వినగానే అనుకున్నానండి. మా పుట్టిల్లు ఆలమూరండి," అంది. కాయలు తన బల్ల కింద పెడతాననీ, వెళ్లేటప్పుడు తీసుకోమనీ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఒకసారి గేటు దాటి బయటికొస్తే అదే టికెట్టు మీద మళ్లీ రానివ్వరు, తినాల్సినవీ తాగాల్సినవీ లోపలే చూసుకోండని.

లోపలికి వెళ్లి మెట్లెక్కి పైకి రాగానే వదిన ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. టీవీలో అరచెయ్యంత కనపడే పచ్చిక ఎదురుగా ఎంత విశాలంగా పరుచుకుని ఉందో. వెనక కొండలు, పైన చలికాలపు తేట ఆకాశం, మధ్యలో తెల్లటి గీతలు. మన పిల్లలు నీలం బట్టల్లో బంతి విసురుకుంటూ నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు మాకు వినిపించింది. టీవీలో అది వినపడదు. ఇంత పెద్ద చోటుని, ఇంతమంది జనాన్ని ఆడపిల్లల కోసం సిద్ధం చేసి ఉంచడం చూసి వదిన కళ్లు తుడుచుకుంది. ఎండ పడని మా వైపు సీట్లు నిజంగా చల్లగా ఉన్నాయి. నేను గర్వంగా ఆ మాట చెప్పేలోపే ఫోన్ మోగింది. నంగి ఎదురు వైపు నుంచి. అంతదూరాన, ఎండలో, గుప్పెడు జెండాలు. అందులో ఎవరో చెయ్యి ఊపుతున్నారు. అది ఆవిడో, మరొకరో.

ఈ లోపల మనవాళ్లు టాస్ గెలిచి బౌలింగ్ తీసుకున్నారు. శ్రీలంక బ్యాటింగ్. మొదటి బంతి పడకముందే వదిన లేచి నిలబడింది. ఎక్కడికండీ అన్నాను. గిన్నెల్లేవు, కుళాయి లేదు, పెరడు లేదు. ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు మెట్ల మీద నిలబడి, తర్వాత కొంగుతో మా వరసలో ఖాళీ కుర్చీల దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. మా వరసయ్యాక వెనక వరస. గ్రౌండు వైపు వీపు పెట్టే తుడుస్తోంది. అప్పుడే వచ్చి కూర్చుంటున్న జనం థాంక్సమ్మా అని ఆవిడకి దండాలు పెడుతున్నారు. ఒక వికెట్ పడి జనమంతా లేచి గంతులేస్తుంటే కూడా తల తిప్పకుండా, పడిందా అని నన్నడిగింది. నాకు ప్రాణం ఉసూరుమంది. మన బౌలింగ్ ఎప్పుడూ చూడలేదన్నారు కదా, ఎదురుగా ఆడుతుంటే చూడండి వదినగారూ అన్నాను. వదిన చేతిలో కొంగు ఆగింది. "అది పక్కన లేకుండా వాళ్ల బ్యాటింగ్ నేను చూస్తే, దాని వాటా నేను తిన్నట్టుంటుందండి," అంది. ఆ తర్వాత నేను బలవంతపెట్టలేదు. కుర్చీలు తుడవనిచ్చాను.

అలా శ్రీలంక బ్యాటింగ్ అంతా గడిచింది. మధ్యాహ్నం విరామం వచ్చింది. అందరూ తినడానికి లేస్తుంటే వదిన సంచీ భుజాన వేసుకుని, పదండి, అటు వెళ్దాం అంది. లోపలి నుంచి అటు దారి లేదని అప్పటికే నలుగురిని అడిగి కనుక్కుంది. బయటికెళ్లి చుట్టూ తిరిగి వెళ్లాలి. బయటికెళ్తే మళ్లీ రానివ్వరని ఆ అమ్మాయి చెప్పింది కదండీ, అక్కడ కూడా లోపలికి పంపకపోతే ఉన్న సీటు కూడా పోతుంది, ఇంతదూరం వచ్చి ఒక్క బంతి చూడకుండా వెళ్లాలి, అని నేను నా భయమంతా వెళ్లగక్కాను. దిగేవాడు దిగితే సీటు పోతుందన్న సంగతి నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? వదిన అంతా విని, తల ఊపి, మెట్లు దిగడం మొదలుపెట్టింది. నేను వెనకాలే దిగాను.

గేటు దగ్గర ఆలమూరు అమ్మాయి మమ్మల్ని చూసి నెత్తి కొట్టుకుంది. అంత చెప్పినా వచ్చేసేరేంటండీ అంది. వచ్చేశాం కదా, ఇంక కాయలు ఇచ్చెయ్యమని వదిన అడిగి తీసుకుంది. కాయలు కొంగులో పెట్టుకుని గోడ వెంబడి నడిచింది. గోడ మలుపు తిరిగామో లేదో, ఎదురుగా ఒక పొట్టి మనిషి, పూల గౌను, తల మీద టోపీ, చంకలో గుడ్డసంచీ, ఎండకి ఎర్రగా కందిన మొహంతో రొప్పుతూ వస్తోంది. ఆ నంగి! ఆవిడ కూడా తన గేటు దాటి వచ్చేసింది. అవతల వాళ్లు కూడా అదే మాట చెప్పారట, బయటికెళ్తే మళ్లీ రానివ్వమని. ఇద్దరి సీట్లూ పోయాయి. ఇద్దరూ గోడ బయట నిలబడి, ఒకరి భుజాలొకరు పట్టుకుని, ఊపేసుకుంటూ, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలీకుండా అక్కా అని ఒకరు, నంగీ అని ఒకరు. చుట్టూ జనం, వేరుశనగల బండివాడు, జెండాలమ్మేవాడు, అందరూ చూస్తున్నారు. నేను వేరుశనగలు బేరమాడుతున్నట్టు నటించాను.

అక్కడే, ఆ ఫుట్‌పాత్ మీదే, వదిన ఆవిడకి బొట్టు పెట్టింది. జాకెట్టు గుడ్డ పెట్టి, అన్నయ్య పూటంతా కూర్చుని ఎంచిన జత కాయలు చేతిలో పెట్టింది. నంగి కాయలు చూసి ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత నవ్వాపుకోలేక కింద కూర్చుండిపోయింది. తన సంచీ విప్పింది. అందులో ఆకుల్లో చుట్టిన నల్లటి మిఠాయి. మెత్తగా, జిగటగా, నూనె కారుతోంది. తన చేత్తో చేసి ఇంతదూరం మోసుకొచ్చింది. దేంతో చేస్తారని అడిగాను. కొబ్బరిపాలట. అప్పుడు వదిన కూడా కూర్చుండిపోయింది.

సరిగ్గా అప్పుడే లోపల పెద్ద హోరు లేచింది. మన బ్యాటింగ్ మొదలైంది. ఇద్దరూ నవ్వాపి గోడ వైపు చూశారు. గోడ చాలా ఎత్తుగా ఉంది. మా అన్నయ్య ఫోన్ కూడా అప్పుడే వచ్చింది. వీధంతా మా ఇంట్లో కూర్చుని టీవీలో మీ కోసం వెతుకుతోంది, ఎక్కడ చచ్చారురా అని. వేరుశనగల బండి దగ్గరున్నామని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మళ్లీ ఆలమూరు అమ్మాయి దగ్గరికే వెళ్లాం. ఈసారి నేనే మాట్లాడాను. ఒప్పందం సంగతి, గిన్నెల సంగతి, కుర్చీలు తుడిచిన సంగతి, అంతా చెప్పాను. ఆ అమ్మాయి పక్కనున్న ఎస్సైగారి దగ్గరికెళ్లి మాట్లాడింది. ఆయన దూరం నుంచే మా వైపు చూశారు. నుదుట కుంకుమతో పూల గౌను ఆవిడ, ఆవిడ చేతిలో పసుపు కాయలు, పక్కన నూనె కారే మిఠాయి పొట్లంతో మా వదిన. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని, చివరికి లోపలికి పొమ్మని చెయ్యి ఊపారు. కాయలు మాత్రం మళ్లీ బల్ల కిందకి వెళ్లాయి. మిఠాయిలో ఒక ముక్క ఎస్సైగారికి, ఒక ముక్క ఆ అమ్మాయికి వెళ్లాయి.

లోపలికైతే వెళ్లాం గానీ ఈలోగా మధ్యాహ్నం ఆటకి కొత్తగా వచ్చినవాళ్లు కూడా చాలామంది మా చల్లటి వైపే కూర్చున్నారు. వదిన తుడిచిన కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒక వరసలో ఈ చివర ఒక ఖాళీ, ఆ చివర ఒక ఖాళీ. నా జన్మకి అర్థమేమిటో ఆ క్షణంలో నాకు తెలిసింది. రిటైరయ్యాక ఒక్కసారి కూడా వాడని గొంతు బయటికి తీశాను. "కొంచెం లోపలికి జరగండి బాబూ, అటు ఖాళీ ఉంది, జరగండమ్మా, పెద్దవాళ్లు నిలబడ్డారు, సర్దుకోవాలి," అని ఒక్క కేక పెట్టాను. ఎక్కడైనా ఆ కేకకి మనవాళ్లు కదిలి తీరతారు. టికెట్టు మీద ఏ నెంబరుందో ఎవరూ చూసుకోలేదు. వరసంతా ఒక్కొక్క కుర్చీ జరిగి, ఈ చివర రెండు కుర్చీలు పక్కపక్కన ఖాళీ అయ్యాయి.

వదిన కూర్చుంది. నంగి కూర్చోలేదు. గ్రౌండులో మన పిల్లలు బ్యాటింగ్ చేస్తున్నారు. ఆవిడ గౌను దులుపుకుని, అటూ ఇటూ చూసి, టీ తెస్తానని చేత్తో సైగ చేసి మెట్ల వైపు తిరిగింది. ఇది తన వంతు కాదు మరి. ఏళ్ల అలవాటు ఆవిడ కాళ్లలో కూడా ఉంది. వదిన చెయ్యి చాపి ఆవిడ మణికట్టు పట్టుకుంది. "షుగల్ ఖలాస్, నంగీ," అంది. మస్కట్ వంటింట్లో రోజూ పని ముగిశాక వాళ్లు చెప్పుకునే మాటట అది. పని అయిపోయిందని అర్థం. తర్వాత తెలుగులో, "కూర్చో. ఇవాళ గిన్నెలు లేవు," అంది. నంగి కాసేపు అలాగే నిలబడి, నెమ్మదిగా కూర్చుంది. ఆట అయిందాకా వదిన ఆ మణికట్టు వదల్లేదు.

ఇంక అక్కణ్ణుంచి వాళ్ల సంబరం చూడాలి. తన దేశపు బౌలర్లని నంగి అన్నేళ్లలో మొదటిసారి చూస్తోంది. వాళ్లని ఆవిడకి పరిచయం చేసింది మా వదిన. ఈ పిల్ల బంతిని నెమ్మదిగా గాల్లోకి వదులుతుంది, ఆశపడి ముందుకొచ్చావో అయిపోయావు. ఆ పొడుగు పిల్లకి కోపం ఎక్కువ, ఒక ఫోర్ కొట్టారంటే తర్వాత బంతి మొహం మీదికి వేస్తుంది. అన్నీ చేతులతోనే చెప్పింది, అయినా పక్క వరసలవాళ్లకి కూడా అర్థమైంది. మన ఎడమచేతి ఓపెనరు ఒక బంతిని కవర్ల మీదుగా కొడితే నంగి నోరు తెరిచి, ఇంత బాగా ఆడుతుందని నాకెప్పుడూ చెప్పలేదేమని వదినని నిలదీసింది. చెప్పానట, గిన్నెల చప్పుళ్లో ఊఁ కొట్టిందట. మన వికెట్ పడినప్పుడు నంగి చప్పట్లు కొట్టబోయి, వదిన మొహం చూసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. వదిన ఆ చేతులు తీసి తనే చప్పట్లు కొట్టించింది. చివరికి కొద్ది బంతులు మిగిలి ఉండగా మనం గెలిచాం. జనమంతా లేచి ఊగిపోతుంటే వీళ్లిద్దరూ మాత్రం కూర్చునే ఉన్నారు, మధ్యలో మిఠాయి పొట్లం పెట్టుకుని, ఆ పొడుగు పిల్ల చివరి ఓవర్ వెయ్యాల్సిందా అక్కర్లేదా అని దెబ్బలాడుకుంటూ. సరిగ్గా అప్పుడే కెమెరా వాళ్ల మీదకి వచ్చిందట. గ్రౌండు వైపు చూడకుండా వేళ్లు చూపించుకుంటూ వాదించుకుంటున్న ఇద్దరు ముసలమ్మలు. మా వీధి వీధంతా పెట్టిన కేకకి ఎదురింటి కుక్క రెండ్రోజులు మా ఇంటివైపు రాలేదని అన్నయ్య చెప్పాడు.

తిరుగు బస్సులో వదినకి కిటికీ పక్క సీటు ఇప్పించాను. కోరిక తీరింది కదండీ అన్నాను. "సగమే మరిదిగారూ. వాళ్ల బ్యాటింగ్ మిగిలిపోయింది కదండి," అంది. మొహంలో దిగులు లేదు. దాచిపెట్టుకున్న మిఠాయి ముక్క ఇంకోటి ఉన్నట్టు ఉంది. ఆ తర్వాత ఇంట్లో టీవీ పెట్టినా అదే తీరు. మన బౌలింగ్ రాగానే లేచి పెరట్లోకి వెళ్లిపోతుంది. ఇప్పుడు అలవాటుకొద్దీ కాదు. ఆ సగం నంగి పక్కన కూర్చుని చూడాలని అట్టేపెట్టుకుంటోంది. వీధివాళ్లు మాత్రం ఇప్పటికీ వికెట్లు గిన్నెల వల్లే పడుతున్నాయని నమ్ముతున్నారు. వాళ్ల నమ్మకం ఎందుకు పాడుచెయ్యాలి?

అదీ ఈ పాస్‌పోర్టు కథ. ఇందాకట్నుంచి అన్నయ్య గోడ అవతల, శ్రీలంకకి కాయలు పట్టుకెళ్తే విమానంవాళ్లు ఊరుకోరని గొణుగుతూ, కాయలు చెవి దగ్గర ఆడిస్తున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. వదిన కొత్త ఫొటోకి మంచి చీర కట్టుకుంటోంది. రేపు ఇద్దరం పాస్‌పోర్టు పనికి అమలాపురం వెళ్లాలి. ఒకరు కూర్చుంటే ఒకరు నిలబడాల్సిన రోజులే వదినవీ, నంగివీ ఎక్కువ గడిచిపోయాయి. కానీ నిండిపోయిందని అందరూ అన్న బస్సులో కూడా ఒక కేక పెడితే ఇద్దరికి చోటు దొరకడం నేను ఉద్యోగమంతా చూశాను. కాలం కూడా అలాంటి బండేననీ, కాస్త జరిగి పక్కపక్కన రెండు సీట్లు ఇంకా ఇస్తుందనీ, గడువు దాటిన ఈ పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని నమ్ముతున్నాను.